దుమ్ము తూచే యంత్రం కథ

ఈ కథ ఒక డస్ట్ శాంప్లర్‌ది. ఉస్మానియా క్యాంపస్ చెట్లు ఒకవైపు, ఉప్పల్ రోడ్డు రద్దీ మరోవైపు ఉన్న హైదరాబాద్ తార్నాకలోని ఒక డాబా దాని చోటు. గాలిని లాగి, అందులోని ధూళిని కాగితం మీద నిలపడం దాని పని. నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలి దాని గుండా పోతుంది. ఒక మనిషి నాలుగు నెలల్లో పీల్చేంత గాలిని అది ఒక్క రోజులో లాగేస్తుంది.

లోపలికి వచ్చిన గాలి ముందు సైక్లోన్ అనే భాగంలో సుడి తిరుగుతుంది. 10 మైక్రాన్లు దాటిన రేణువులు కింది కప్పులో రాలతాయి, సన్నవి గ్లాస్ ఫైబర్ కాగితానికి అంటుకుంటాయి. కాగితాన్ని పెట్టేముందు తూస్తారు, తీశాక మళ్లీ తూస్తారు. ఆ తేడాయే ధూళి. పక్కన మంచుగడ్డల మధ్య ఉంచిన గాజు గొట్టాల్లోని ద్రావణాలు వాయువులను పట్టుకుంటాయి. ప్రయోగశాలలో రసాయనాలు కలిపితే సల్ఫర్ డయాక్సైడ్ ఊదారంగులో, నైట్రోజన్ డయాక్సైడ్ గులాబీ రంగులో బయటపడతాయి. రంగు ఎంత చిక్కనైతే వాయువు అంత ఎక్కువ. తెల్లగా వచ్చిన కాగితం జనవరిలో ముదురు బూడిదరంగుతో దిగుతుంది. వానాకాలంలో అంత నలుపెక్కదు.

గాలి కొలతలకు నగరంలో పాత చరిత్రే ఉంది. 1978లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 10 నగరాల్లో గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు వాటిలో హైదరాబాద్ ఒకటి. వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది ఆ తర్వాత, 1981లో. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఆవరణలోని నీరి ప్రయోగశాల జాతీయ పరిశీలన కేంద్రాల జాబితాకెక్కింది.

నగరపు గాలి చెడిందనగానే అందరూ వేలెత్తి చూపేది చిమ్నీలనే. అందులో నిజం లేకపోలేదు. తార్నాకకు తూర్పున, ఈశాన్యాన నాచారం, మల్లాపూర్, మౌలాలి పారిశ్రామికవాడలున్నాయి. చలికాలపు గాలి చాలా రోజులు ఆ దిక్కు నుంచే వీస్తుంది. బాయిలర్లలో కాలే బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ నుంచి గంధక వాయువులు వస్తాయి. కానీ కాగితం మీది బరువులో ఎక్కువ భాగం రోడ్డుది. టైర్లు లేపే మట్టి, బ్రేకుల అరుగుదల, డీజిల్ మసి, నిర్మాణాల ఇసుక, సిమెంటు అందులో ఉంటాయి. ఆకులు రాలే కాలంలో క్యాంపస్ దారుల పక్కన కుప్పలు పోసి తగలబెడితే ఆ పొగ కూడా తోడవుతుంది. ఈ అలవాటు మానడానికి ఏ యంత్రమూ, ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ఇంధనం వచ్చాక డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10కి పడిపోయింది. రోడ్డు దుమ్ముకు మాత్రం ఇంధనం మార్పుతో పనిలేదు.

అవే వాహనాలు, అవే ఫ్యాక్టరీలు ఉన్నా చలికాలంలోనే గాలి ఎందుకంత చిక్కబడుతుంది? మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. కింది వేడిగాలి పొగను మోసుకుంటూ పైకి లేస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేల త్వరగా చల్లారి, దానికి ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. పైన వెచ్చటి పొర మూతలా నిలుస్తుంది. ఎండ ఎక్కేదాకా పొగ కిందే ఉండిపోతుంది. కాలేజీ బస్సులు, ఆఫీసు రద్దీ మొదలయ్యేదీ సరిగ్గా ఆ వేళలోనే. 1952 డిసెంబరులో లండన్ మీద ఇలాంటి పొరే ఐదు రోజులు నిలిచింది. ఇళ్లలో, పరిశ్రమల్లో కాలిన బొగ్గు పొగ ఎటూ పోలేక పేరుకుపోయి, మొదటి లెక్కల ప్రకారమే సుమారు 4,000 మంది చనిపోయారు.

వేసవిలో ఇంకో రకం కాలుష్యం ఉంటుంది. వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు, హైడ్రోకార్బన్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తాయి. లాస్ ఏంజెలెస్ పొగమంచు గుట్టును శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ విప్పింది ఈ చర్య ద్వారానే. ఓజోన్ శాంప్లర్ కాగితానికి చిక్కదు, దానికి వేరే పరికరం కావాలి.

కాగితం బరువు చెబుతుంది గాని ఎవరి వాటా ఎంతో చెప్పదు. అది తేలాలంటే ధూళిని రసాయన పరీక్షకు పంపాలి. సిలికాన్, అల్యూమినియం మట్టిని, పొటాషియం ఆకులు, కట్టెల పొగను, నల్లటి కార్బన్ ప్రధానంగా డీజిల్‌ను పట్టిస్తాయి. ఈ పరీక్ష తరచుగా జరగాలి, దాన్ని బట్టే నగర ప్రణాళిక నడవాలి.

10 మైక్రాన్లలోపు ధూళికి 2009 నాటి జాతీయ ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. జాతీయ ప్రమాణాన్నే అందుకోలేని నగరాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్ పేరు ఉంది.