లేని ఆవిడ ప్రసంగం

2023లో డెవ్‌టర్నిటీ అనే సాఫ్ట్‌వేర్ సదస్సు వక్తల జాబితాలో ఆడవాళ్ల ఫొటోలు కళకళలాడాయి. ఆరా తీస్తే అందులో అసలు పుట్టని మనిషి కూడా ఉందని తేలింది. వక్తలు జారుకున్నారు, సదస్సు రద్దయింది.

కలిదిండి చెరువుగట్టు మీద ఈ కబురు చెబితే మా బాబాయి నవ్వనైనా నవ్వలేదు. "ఆ మాత్రానికి మనిషిని పుట్టించాలేంట్రా? మన పంచాయతీల్లో సగం కుర్చీలు ఆడవాళ్లవే. సంతకం ఆవిడది, ప్రసంగం ఆయనది. మనల్ని అడిగితే చెప్పేవాళ్లం కదా!"

రొయ్యల చెరువుకి సెన్సర్లూ యాప్‌లూ అంటూ సదస్సు పెడితే వేదిక నిండా ఇస్త్రీ చొక్కాలే. రొయ్యలు వలిచే అమ్మలూ, అర్ధరాత్రి ఏరియేటర్ ఆగితే పరుగెత్తే కాపలాదారూ ఆ దరిదాపుల్లో కనపడరు. అదేమంటే, "దరఖాస్తులు రాలేదండీ." అమెరికాలో పైకాన్ అనే సాఫ్ట్‌వేర్ సదస్సులోనూ 2011లో ఆడ వక్తలు నూటికి ఒక్కరే. నిర్వాహకులు ఊరికే కూర్చోకుండా వెళ్లి ఆడవాళ్లని అడిగారు, 2014కి వాళ్లు మూడోవంతయ్యారు.

మనవాళ్లూ ఆడవాళ్లని పిలుస్తున్నారు లెండి. జ్యోతి వెలిగించే పెద్దాయనకి అగ్గిపెట్టె ఎవరో ఒకరు అందించాలిగా!