పెంట్‌హౌస్ ప్రబంధం

కావ్యారంభంలో ఇష్టదేవతను తలచుకోవడం మర్యాద. మేం ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీని తలచుకున్నాం. అట్ట ఊడి, సెల్లోటేపు కట్లతో, ఒళ్లంతా హైలైటర్ పసుపు పూసుకుని, మూడు చేతులు మారి వచ్చిన ఆ తల్లి వరాలేమీ ఇవ్వలేదు. నీట్ 720లో 360 మార్కులు తన కొంగున ముడేసుకుని మౌనంగా చూసింది.

ఇక పురవర్ణన. కోచింగ్ బోర్డులే కోటబురుజులుగా, ర్యాంకర్ల ఫొటోలే తోరణాలుగా వెలిగే మహానగరి దిల్‌సుఖ్‌నగర్. అక్కడి అద్దెలకు జడిసిన వీరులు దక్షిణదిశగా షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలిలో ప్రయాణించి చేరుకునే తపోవనం బాలాపూర్. అందులో మూడంతస్తుల మీద మా పెంట్‌హౌస్. అంటే రేకుల గది, దాని పక్కన నల్లటి వాటర్ ట్యాంకు.

నాయకులం నలుగురం, అందరం లాంగ్‌టర్మ్. ఇంటర్ అయిపోయింది, ఎంబీబీఎస్ రాలేదు. త్రిశంకుడికి కూడా ఒక స్వర్గమంటూ ఉంది, మాకు ఐడీ కార్డు కూడా లేదు. ఓసారి ఒక పెద్ద కాలేజీ లైబ్రరీలో చదువుకుందామని పోతే ద్వారపాలకుడు కర్ర అడ్డం పెట్టి కార్డు అడిగాడు. నీట్ హాల్‌టికెట్ చూపించాం. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "పరీక్ష అయిపోయింది కద బిడ్డా" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

ఆ పరాభవాగ్నిలోంచే మా క్లబ్ పుట్టింది. తలుపు మీద 'ప్రీ-మెడికల్ క్లబ్' అని మార్కర్‌తో రాశామో లేదో, ఓనరాంటీ మెట్లెక్కి వచ్చింది. "క్లబ్బంటే పేకాటనా? మా ఇంట్ల నడ్వదు." సంఘం అని మార్చాం. "యూనియన్ పెడ్తున్రా?" అని ఇంకా భయపడింది. చివరికి తలుపు తుడిచేశాం. పేరు లేకుండానే వెలసింది సంఘం.

సభ్యుల్లో ఇద్దరికి ఊరి పేర్లే పేర్లు: మిర్యాలగూడ, ఖమ్మం. ఇంకొకడు భీష్ముడు. మెడికల్ సీట్లకు ఎంసెట్ ఉన్న పూర్వయుగంలో పేపర్ లీకై, మూడో ఎంసెట్ దాకా ఈడ్చుకుని 2016లో ముగిసిన గాథను, తాను అప్పుడు చిన్నపిల్లాడైనా, కళ్లారా చూసినట్టు చెప్పేవాడు. 2024లో 200 బిట్లలో 180 రాస్తే చాలన్న ఉదారకాలం మాత్రం తను నిజంగా చూసిందే. 2025లో 180కి 180, నిమిషాలూ 180. ఛాయిస్ పోయిన సంగతి చెప్పేటప్పుడు గొంతు జీరపోయేది.

మా ఆయుధాలు: కాలు విరిగి గోడకానుకున్న వైట్‌బోర్డు, ఎండిపోయి ఆసుపత్రి స్పిరిట్ వాసన మాత్రం మిగిలిన మార్కరు, ఒక ఫ్యాను. ఆహా, ఆ ఫ్యాను! మూడు రెక్కల్లో ఒకటి వంగింది. రెగ్యులేటర్ ఎక్కడ తిప్పినా ఒకటే వేగం. టక్, టక్, టక్కున తిరుగుతూ, గదంతా వదిలేసి, కింద సరిగ్గా ఒక్క కుర్చీకే గాలి ఇచ్చేది. సెప్టెంబరు ఉక్కలో రేకుల కింద ఆ కుర్చీ ముందు ఇంద్రపదవి దిగదుడుపు. ఎవరు కూర్చోవాలన్న దాని మీద సంఘం చీలిపోయే గడియ వచ్చింది.

ఊరే దారి చూపింది. 1994లో 450 రూపాయలకు మొదలైన బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 2025 నిమజ్జనం రోజున 35 లక్షలు పలికింది. మేమూ వేలం పెట్టాం. మా దగ్గర డబ్బు లేదు గనక బిట్లే ధనం: ఎవరు ఎక్కువ బిట్లు చేస్తానంటే వారిదే సింహాసనం.

"నూరు!" అన్నాను.

"నూట ఎనభై!" అన్నాడు మిర్యాలగూడ.

"ముప్పై. ఫిజిక్స్‌వి," అన్నాడు భీష్ముడు. సభ నిశ్శబ్దమైపోయింది. ఫిజిక్స్ బిట్టు మారకం రేటు మీద పావుగంట వాదన జరిగింది, తేలలేదు.

అప్పుడు మూలనుంచి ఖమ్మం లేచాడు. "నాలుగు వందల యాభై!"

దేవుడి తొలి లడ్డూ ధరే! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. తువ్వాల తలపాగా చుట్టి కూర్చోబెట్టాం. జుట్టు ఎగురుతుండగా మహారాజులా మొదటి బిట్టు చదివాడు. పదిహేడో బిట్టు దగ్గర కరెంటు పోయింది.

మేం ముగ్గురం చాపలు చంకన పెట్టుకుని ట్యాంకు పక్కకు పోయాం. అక్కడ గాలి బాగా వస్తోంది. "రారా మామా" అని పిలిచాం. రాలేదు. చీకట్లోంచి వాడి గొంతు మాత్రం వినిపించింది: "నాలుగొందల యాభై పెట్టి కొన్నరా దీన్ని."