దప్పికకూ హోదా ఉంది!

ఏలేరు కాలువ దాదాపు 150 కిలోమీటర్లు నడిచి విశాఖకు, ఉక్కు ఫ్యాక్టరీకి నీళ్లు మోస్తుంది. దారిలో అనకాపల్లి జిల్లా పల్లెలను పలకరిస్తుంది, అంతే. శారద నదిపై రైవాడ జలాశయం దేవరాపల్లి దగ్గరుంది, దాని నీళ్లేమో విశాఖ కుళాయిల్లో ఉన్నాయి. సాగుకే ఇమ్మని రైతులు ఏళ్లుగా మొరపెడుతున్నారు. పట్నానికి పైపు, పల్లెకు అర్జీ!

సర్కారు లెక్కా అంతే. జల్‌జీవన్ మిషన్‌లో పల్లె మనిషికి రోజుకు 55 లీటర్లు, నగరవాసికి ప్రమాణం 135. పల్లె గొంతు సన్నమా, పట్నం గొంతు వెడల్పా? ‘నీటిని పొదుపుగా వాడండి’ అనే బోర్డు మాత్రం అందరికీ సమానమే. అయ్యలారా, దాన్ని ముందు ఎక్కువ వాడేవాళ్ల గేటుకు కట్టండి!