పెరట్లో అరుగు: ఒళ్ళు వంచకుండా కట్టించే చిట్కాలు

ఇంటెనుక అరుగు కట్టించడమంటే నెల రోజుల గోస అని చాలామంది భయపడతారు. అదేం లేదు. ఈ చిట్కాలు పాటిస్తే మూడు రోజుల్లో పని అయిపోతుంది, మీరు కుర్చీలోంచి లేవనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఏం జరిగినా తప్పు మీది కాదు.

1. ముందు చెక్క సంగతి చూడండి. అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న అల్లుడు తన ఇంటెనుక డెక్కు ఫోటో పంపే ఉంటాడు. అక్కడ మందు పట్టించిన పైన్ చెక్క వాడతారు, నేలకు తగలకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెడతారు, నీళ్లు జారిపోవడానికి పలకల మధ్య సందు వదులుతారు. ఇవేవీ ఫోటోలో కనబడవు కాబట్టి మనకు అక్కర్లేదు. ప్యాకింగ్ పెట్టెల చెక్క తెచ్చి ఎర్రమట్టి మీదే పరిచేయండి. చెదల మందు జోలికి పోకండి. చెదలు లోపల్లోపలే తింటాయి, పైన రంగు చెక్కుచెదరదు. ఒకనాడు ఎవరిదో కాలు దిగబడుతుంది. ఆ కాలు అల్లుడిదే అయితే మరీ మంచిది, మళ్లీ ఫోటోలు పంపడు.

2. ఇంట్లోవాళ్లు చెక్క వద్దంటే బండలకు దిగండి. తాండూరు నాపరాయి మనకు పక్కనే, నీలమూ ఉంది, పసుపూ ఉంది. కానీ తాండూరు పోకండి. 1874లో పడిన వాడి రైలు లైను మన ధారూర్ మీదుగానే పోతుంది. రైలెక్కి పాలిష్ మిషన్ల దగ్గర దిగి, ఒక్కో బండ అంచు పట్టి మందం చూసి, వేలితో కొట్టి చప్పుడు విని ఏరుకోవచ్చు. అదంతా పని లేనివాళ్ల పని. ఫోన్ చేసి "మంచిది పంపు" అనండి. పొరలుగా చీలే రాయి గదా, ఏరకుండా తెప్పిస్తే ఒకటి అంగుళం, ఇంకొకటి అంగుళమున్నర వస్తుంది. నీలంలో నాలుగు పసుపువి కలిసొస్తే డిజైన్ అనండి.

3. మిరుగం నాడు మొదలుపెట్టండి. ఎండాకాలంలో కట్టించేవాళ్లు వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టి చస్తారు. జూన్‌లో అయితే ఆ పని మబ్బులదే. బండ పరిచిన రాత్రే వాన దంచికొడితే సిమెంటు కొంత కొట్టుకుపోతుంది, పోనీయండి. తర్వాత పది రోజులు వాన మొహం చాటేస్తే మీరు మాత్రం పైపు పట్టకండి. ఒకసారి వానకు అప్పగించిన పని మళ్లీ మన నెత్తిన వేసుకోవద్దు.

4. తవ్వించకండి. "సార్, మెత్తటి మట్టి తీసి, మొరం పోసి, నీళ్లు పట్టి దిమ్మిస కొట్టాలె" అని సుతారి అంటాడు. కూలి పెంచే ఎత్తు అది. మీ జాగ తాండూరు వైపు నల్లరేగడి అయితే ఇంకా మంచిది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, మీ అరుగు కూడా దాంతోపాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. పిల్లలకు కాలక్షేపం. ఎత్తు పెంచడానికి ఇంట్లో ఉన్న చెత్తే వాడండి: విరిగిన కుండీలు, పాత చాపలు, కొబ్బరి బోండాలు. మురిగేవి మురిగాక మిగిలిన ఖాళీలో ఎలుకలు సర్దుకుంటాయి.

5. పని గుత్తకివ్వండి, సామానుతో సహా. కాగితం రాయించొద్దు, రాస్తే మీరు చెప్పిందేమిటో కూడా తేలిపోతుంది.

6. ఇక మాలు. అరుగు నిలిచేదీ కూలేదీ ఇక్కడే, శ్రద్ధగా చదవండి.

తమ్ముడి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 50 కిలోల బస్తా మెట్ల కింద ఉంటుంది, తీయండి. సిమెంటుకు 3 నెలలు దాటితే బలం తగ్గుతుందంటారు. మీది 3 ఏళ్లది, తగ్గాల్సిందంతా తగ్గిపోయింది, ఇక తగ్గేదేం లేదు. గడ్డలు సమ్మెటతో పగలగొట్టించండి. ఒకటికి ఆరు ఇసుక అని సుతారి లెక్క చెబితే పన్నెండు అనండి. బేరంలో ఎప్పుడూ రెట్టింపు నుంచే మొదలుపెట్టాలి.

సాయంత్రం దాకా సరిపడే మాలు పొద్దున్నే ఒకేసారి కలిపించండి. తడిసిన సిమెంటు అరగంట దాటితే ఏ క్షణమైనా బిగియడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి కుప్ప గట్టిపడి ఉంటే ఒక బకెట్ నీళ్లు పోసి కెలకమనండి. మెత్తబడిందా? అయితే బాగానే ఉన్నట్టు.

బండ కింద మాలు నిండుగా పరచనీయకండి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి, చాలు. పరిచాక చిన్న కట్టెతో తట్టి చూడండి. కింద నిండిన చోట టక్కుమని ఆగిపోతుంది, డొల్ల ఉన్న చోట డబడబమంటుంది. మీది ఈ చివర నుంచి ఆ చివరదాకా డబడబమనాలి. అప్పుడు పిల్లి నడిచినా మీకు తెలుస్తుంది. గ్యాస్ బండ దించిన రోజు నేల బండ మూల విరిగితే, గ్యాస్ తెచ్చిన అబ్బాయిని నిలదీయండి.

7. వాలు ఇంటి వైపు పెట్టించండి. పది అడుగులకు ఒక అంగుళమో అంగుళమున్నరో బయటి వైపు వాలు ఇస్తే నీళ్లన్నీ పక్కవాళ్ల జాగలోకి పోతాయి, లేనిపోని గొడవ. మన నీళ్లు మన దగ్గరే ఉండాలి. మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టింది, మీ వంటింట్లో ఇంకొకటి పుడితే తప్పేముంది? గోడ కింది నుంచి రెండడుగుల మేర చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులూడుతుంటే బీరువా అడ్డం జరపండి.

8. సందులు నింపించకండి. జూలైకల్లా గరిక మొలుస్తుంది. వినాయక చవితికి వికారాబాద్ అంగట్లో కొనే పని తప్పుతుంది.

9. పైన పడిన సిమెంటు మరకలు గోకుతూ కూర్చోవద్దు, బాత్రూం కడిగే యాసిడ్ పోయండి. నాపరాయి అంటే సున్నపురాయే. ఆ జాతి రాయిని కాల్చే సిమెంటు ఫ్యాక్టరీలు తాండూరు చుట్టూ నడుస్తున్నాయి. యాసిడ్ తగలగానే బుస్సుమని తెల్ల నురగ లేస్తుంది. చాలామంది దాన్ని మురికి అనుకుని సంబరపడతారు, మీరూ పడండి. పోయేది మురికి కాదు, రాయి. కడిగి ఆరబెట్టాక నున్నటి పాలిష్ పోయి, బండ చేత్తో రాస్తే గరుగ్గా, బూడిద పూసినట్టు తేలుతుంది. వానకు జారదు చూడండి, యాంటీ స్కిడ్ అని పేరు పెట్టండి. ఆ గరుకులోకి పసుపు నీళ్లు, టీ మరకలు బాగా పడతాయి. వాటికి మళ్లీ యాసిడ్.

10. నవంబర్‌లో మన ఊరి మెథడిస్ట్ జాతరకు చుట్టాలు దిగుతారు. కుంగిన చోట ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, దాని మీద కుర్చీ వేయండి, కాస్త బరువున్న మనిషిని మాత్రం అక్కడ కూర్చోబెట్టకండి. పెద్ద బావగారికి ఎప్పుడూ గోడ పక్కన.

11. సాకులు ముందే వంతులు వేసి పెట్టుకోండి. మొదటి నెల "కొత్తది గదా, సర్దుకుంటుంది". రెండో నెల "సుతారి మోసం చేసిండు". అతను ఎదురుపడి "మీరే గద సార్ మొరం వద్దన్నరు" అంటే "రాయి పాతకాలం లెక్క లేదు" అనండి. కోట్ల ఏళ్ల నాటి రాయి పోయినేడు చెడిపోయిందా అని ఎవరూ అడగరు. అడిగేవాళ్లుంటే వాస్తు తీయండి. ఈశాన్యంలో బరువు పడిందంటే ఎంత చదువుకున్నవాడైనా నోరు మూసుకుంటాడు. అరుగు నైరుతిలో ఉన్నా పర్వాలేదు, దిక్సూచి ఎవరి జేబులోనూ ఉండదు. ఫోన్లో ఉంటుందనుకోండి, ఆ మాట గుర్తు చేయకండి.

12. సంక్రాంతి దాటాక తీసేయించండి, అదే సుతారికి, మళ్లీ గుత్తకే. ఏ బండ ఎక్కడ డొల్లో అతనికి తెలుసు, గడ్డపార పెడితే గంటలో లేస్తాయి. విరగని బండలు వెనక్కి తీసుకోమని కొన్నవాణ్ణి బతిమాలండి, తీసుకోడు. అప్పుడు సుతారి తన ట్రాలీలో ఊరికే వేసుకుపోతానంటాడు. ట్రాలీ కిరాయి మీరే ఇవ్వండి. అతను వాటిని తన ఇంటి ముందు మొరం పోసి, దిమ్మిస కొట్టి, వాలు బజారు వైపు పెట్టి పరుచుకుంటాడు. ఆ దారిన పోవద్దు, రెండో సందులోంచి తిరిగి పోండి.