ఒకటవ మెట్టు దేశమూ, పలాస పాసింజరూ

అమెరికా ప్రభుత్వమువారు తమ పౌరుల క్షేమము గోరి, భూమండలమునందలి దేశములను నాలుగు మెట్లుగా విభజించి, మొదటి మెట్టు దేశమునకు మామూలు జాగ్రత్తతో పొండనియు, రెండవదానికి మరికొంత మెలకువతో పొండనియు, మూడవదానికి పోవుటను గూర్చి పునరాలోచింపుడనియు, నాలుగవదానికి అసలే పోవలదనియు ఉపదేశించుచుందురు. స్విట్జర్లాండు మొదటి మెట్టుపై ఆసీనమై యున్నది. మన భారతదేశము రెండవ మెట్టుమీద ఫ్రాన్సు, జర్మనీల సరసన కూర్చున్నది. ఇంతటి సమానగౌరవము లభించినను మనవారొక ఊరేగింపైనను తీయకపోవుట నాకు వింతగా నున్నది.

భయకారణములు కొరవడిన దేశము కనుక, స్విట్జర్లాండువారు ఉన్న కొద్దిపాటి భయమును అత్యంత శ్రద్ధతో పోషించుకొనుచున్నారు. శీతకాలమున దావోసులోని హిమపరిశోధన సంస్థవారు ఉదయము 8 గంటలకును, సాయంత్రము 5 గంటలకును, ఏ కొండవాలున మంచు విరిగిపడు ప్రమాదమెంతయో 1 మొదలు 5 వరకు అంకెలు వేసి ప్రకటింతురు. ఏటేట ఫిబ్రవరి మొదటి బుధవారమునాడు మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు దేశమునందలి ఏడువేలకు పైబడిన సైరన్లను మ్రోగించి, అవి పలుకుచున్నవని రూఢిచేసికొని, మరల తమ పనులకు పోవుదురు. పచ్చిక బయళ్లలో దూడ గల ఆవును సమీపింపవలదని బాటసారులకు బోర్డులు కట్టుదురు. (ఆ మంచుకొండలపై మన చిత్రనాయికలు పలుచని చీరలతో ఇన్ని దశాబ్దములుగా నర్తించుచుండగా, ఆ ప్రమాదమునకు ఎవరును అంకె వేయకపోవుట మాత్రము వారి శాస్త్రీయదృష్టిని శంకింపజేయుచున్నది.) మా విజయనగరమున ఆవు నడివీధిలో నెమరు వేయుచుండగా బస్సే దానికి ప్రదక్షిణము చేసి పోవును. పార్వతీపురము దాటి కొమరాడ వైపు పోయితిరా, రాత్రివేళ దారికడ్డముగా నిలుచునది ఆవు కాదు, ఒడిశా అడవులనుండి దిగివచ్చిన ఏనుగుల గుంపు.

అట్టి నిరపాయదేశమున అడుగిడగోరు మనవాడు వీసా దరఖాస్తుతోబాటు 30,000 యూరోల, అనగా దాదాపు 30 లక్షల రూపాయల, వైద్యబీమా పత్రమును దాఖలు చేయవలెను. దైవవశమున మరణించినచో శవమును స్వదేశమునకు చేర్చు వ్యయము సైతము అందులో చేరి యుండవలెను. ఆమదాలవలస స్టేషనులో జనరల్ టిక్కెట్టు కొనువానిని బీమా యున్నదా యని యెవ్వరును అడుగరు. అడుగకపోవుట అటుండగా, వాడడిగినను ఈయరు. రూపాయికి లోబడిన రుసుముతో పది లక్షల పరిహారము లభించు ప్రయాణబీమా యొకటి కలదు గాని, అది ఇంటర్నెట్టులో రిజర్వేషను చేయించుకొన్నవారికే పరిమితము. ప్రమాదదేవత బెర్తు నంబరు చూచి గాని లోపలికి రాదని రైల్వేవారి విశ్వాసము కాబోలు.

2023 అక్టోబరు 29, ఆదివారము, చీకటిపడిన వేళ, అలమండ, కంటకాపల్లి స్టేషన్ల నడుమ పలాస పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొనగా పద్నాలుగురు మరణించిరి. 2017 జనవరిలో కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినది. 2013 నవంబరులో గొట్లాం వద్ద బోగీలో మంటలన్న వదంతి విని దిగినవారిని, 2022 ఏప్రిల్‌లో బాతువ వద్ద పొగ చూచి దిగినవారిని, పక్క పట్టాలపై వచ్చిన మరియొక బండి పొట్టనబెట్టుకొన్నది. ప్రాణభయముతో దిగినవారికి ఏ వైపున దిగవలెనో తెలియకపోవుటే మృత్యుహేతువైనది. తల్లి ఆవును గూర్చి పథికులకు చెప్పు ఆ దేశమున ఈ ఒక్క ముక్కకై యెన్ని బోర్డులు వెలసియుండెడివో!

మనకు ప్రమాదపు టంకెలే లేవనుట అన్యాయము. కళింగపట్నమున ఉన్నవి. బంగాళాఖాతమున వాయుగుండము బలపడినప్పుడెల్ల ఆ రేవున మూడవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరని పత్రికలు వ్రాయును. ఆ అంకెలు 11 వరకు పోవును. సరకు ఓడలు ఆ రేవును మరచి దశాబ్దములు గడచినను, రాని ఓడలకు హెచ్చరిక మాత్రము క్రమము తప్పక అందుచున్నది. తుపాను హెచ్చరికలవలన ప్రాణములు దక్కుచున్నవి, కాదనను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిని నేలగూల్చినప్పుడు అవియును లేకున్న ఏమి యయ్యెడిదో! ఆ మరుసటి నెలలోనే, బ్రతుకుతెరువునకై గుజరాతులోని వేరావల్ పోయి పడవలెక్కిన డి.మత్స్యలేశము మొదలగు మన తీరపు ఊళ్ల జాలరులు, నీటిపై కనబడని సరిహద్దు దాటిరని పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరి వరకు కరాచీ చెరలో మ్రగ్గిరి. ఆ ప్రయాణమునకు ఏ రేవునను ఏ సూచికయు ఎగురలేదు.

ఈ మెట్ల వ్యవహారమంతయు మొన్న టిక్కెట్ల వరుసలో నా ముందు నిలిచిన వృద్ధునకు విశదీకరించితిని. స్విట్జర్లాండు ఆవుల సంగతి అతడు మిక్కిలి ఆసక్తితో విన్నాడు. ఇంతలో బండి కూత వినబడగా, సంచి భుజమున వేసికొనుచు, "ఆ మెట్టు సంగతి తరవాత సూద్దాం గానీ బాబూ, ముందు ఈ మెట్టెక్కాల. బేగి రండి, జనరల్ పెట్టెలు ఎనకాల తగిలించినారంట" అని పరుగెత్తినాడు.