ఈశాన్యంలో గాలిమర

కిర్ర్‌మని ఒకసారి అని ఊరుకుంటే బాధ లేదు. కిర్ర్‌మంటుంది, ఆగుతుంది, మనం నిద్రలోకి జారే సమయం చూసుకుని మళ్ళీ కిర్ర్‌మంటుంది. గాలి పెరిగితే కిర్రులన్నీ కలిసిపోయి ఒకటే కీచు. గాలి తగ్గితే మరీ ఘోరం. తరవాతి కిర్రు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని పడుకోవాలి. వారాల తరబడి ఇదే వరస.

టెక్సస్‌లో పొలం ఎందుకు కొన్నామో చెప్పక్కర్లేదు, అందరూ ఎందుకు కొన్నారో అందుకే. ఆస్టిన్‌కి పడమరగా, సిగ్నల్ పోయాక ఇంకాస్త దూరం వెళ్తే మా పాత ఇల్లు, దాని చుట్టూ గడ్డి, గడ్డిలో పక్క రైతు ఆవులు. ఆ ఆవుల పుణ్యాన భూమి పన్ను తగ్గుతుంది. ఆవులు వద్దనుకుంటే తేనెటీగలు పెట్టుకోవచ్చు. 5 ఎకరాల నుంచి 20 ఎకరాల దాకా ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. కాబట్టి ఆవులే. ఆవులకు నీళ్ళు కావాలి. నీళ్ళు తోడేది గాలిమర. ముప్ఫై మూడు అడుగుల ఇనుప టవరు, పైన ఎనిమిది అడుగుల చక్రం, చక్రానికి పద్దెనిమిది రేకులు, వెనక ఒక తోక. ఆ తోకకు నాలుగైదు తూటా రంధ్రాలు. వేటకొచ్చి జింక దొరకని ప్రతివాడూ గాలిమర తోకను కాల్చి తృప్తిపడడం ఈ ప్రాంతపు ఆచారమట.

డాలస్ నుంచి వచ్చే చుట్టాలకు మాత్రం అదంటే ప్రాణం. కారు దిగి మంచినీళ్ళన్నా తాగకుండా దాని కిందికే పరుగు. ఒకళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్ షూటింగ్ కూడా అక్కడే జరిగింది. ఎంతైనా ఫొటోలో కిర్రు వినపడదు కదా.

బాగుచేయించరాదా అంటారా? చుట్టుపక్కల నాలుగైదు కౌంటీలకు కలిపి గాలిమరలు బాగుచేసే కుటుంబం ఒక్కటే ఉంది. తాత, కొడుకు, మనవడు. ఫోన్ చేస్తే తాతగారి భార్య ఎత్తుతుంది. వాళ్ళు ఎక్కడున్నారో ఆమెకు తెలియదు, ఎప్పుడొస్తారో అంతకన్నా తెలియదు. ఎలాంటి శబ్దమొస్తోందో చెప్పమంది. అన్నం తినే బల్ల దగ్గర, పిల్లల ముందు, ఫోన్లో కిర్ర్‌మన్నాను. ఇంకోసారి అనమంది. అన్నాను. కాసేపు ఆలోచించి, "అరుస్తోందంటే ఇంకా పనిచేస్తోందన్నమాట. అరవడం మానేసినప్పుడు ఫోన్ చెయ్యి, అప్పుడు తొందరగా పంపిస్తాను" అని పెట్టేసింది.

ఈ సంగతి ఫ్రిస్కోలో ఉండే మా బావమరిదికి చెప్పడం నా ప్రారబ్ధం. వాడు శబ్దం గురించి ఒక్క మాట అడగలేదు. "బావా, అది ఏ మూలనుంది?" అన్నాడు. ఈశాన్యం అన్నాను. వాడు సంతోషించాడు. ఈశాన్యంలో నీళ్ళుండడం ఎంత శుభమో నాకు పావుగంట చెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. పక్కన మా మామగారు ఉన్నారు. "నీళ్ళు సరేనోయ్, వాటి మీద ముప్ఫై మూడు అడుగుల ఇనుము నిలబడి ఉందిగా. ఈశాన్యంలో బరువుంటే ఇంటి యజమానికి తలనొప్పి" అన్నారు. నిజమే, నాకు తలనొప్పిగానే ఉంది.

ఇక హైదరాబాదు నుంచి సిద్ధాంతిగారు వీడియోలోకి వచ్చారు. బరువు కాబట్టి దాన్ని నైరుతికి మార్చమన్నారు. మారిస్తే కింద బోరు కూడా నైరుతికే పోతుందండీ అన్నాను. నైరుతిలో గొయ్యా, శివశివా అని కళ్ళు మూసుకున్నారు. అలాగైతే అది నీరూ కాదు, బరువూ కాదు, గాలి, వాయుదేవుడి స్థానం వాయవ్యం కదా అని మామగారు మూడో మూలను తెరిచారు. మా తోడల్లుడు మాత్రం మూల సంగతి పక్కన పెట్టమన్నాడు. చక్రం ప్రదక్షిణంగా తిరుగుతోందా, అప్రదక్షిణంగానా అన్నది అతని అనుమానం. బయటికెళ్ళి చూశాను. ముందు నిలబడి చూస్తే ఒకటి, వెనక నిలబడి చూస్తే ఇంకొకటి. మీరు ఎటు నుంచి చూస్తున్నారని అడిగారు. ఎటు నిలబడ్డా గాలి మారితే అదే ఇటు తిరుగుతుందని చెప్పాను. తిరిగే వస్తువుకు వాస్తు ఎలా చూడాలన్న దాని మీద అరగంట చర్చ జరిగింది. తోకకున్న రంధ్రాలు బేసి సంఖ్యా, సరి సంఖ్యా అని కూడా ఎవరో అడిగారు. చివరికి సిద్ధాంతిగారు ఒక పరిహారం చెప్పారు: నైరుతి మూల అంతకంటే ఎత్తుగా ఏదైనా లేపితే దోషం పోతుంది. అంటే ఇంకో గాలిమరా అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఇంతలో మా అబ్బాయి కిటికీలోంచి చెయ్యి చూపించాడు. నైరుతిలో, కంచె అవతల, దూరంగా సెల్ టవరు! గాలిమరకు ఎన్నో రెట్లు ఎత్తు. దోషం అక్కడికక్కడే పోయింది. దక్షిణ ఆన్‌లైన్లో పంపించాను. సెల్ టవరు అంత దగ్గరున్నా సరిగ్గా ఆ సమయానికే ఇంట్లో సిగ్నల్ పోయిందని, డబ్బు పంపడానికి కారెక్కి రోడ్డు దాకా వెళ్ళాల్సి వచ్చిందని చెప్పుకోవడం అనవసరం. ఆ రాత్రి దోషం లేని గాలిమర కిర్ర్‌మంది.

నిద్ర రాని మనిషికి చరిత్ర చదవడం తప్ప దారేముంది? థామస్ పెర్రీ అనే ఇంజనీరు 1882, 83లలో 61 రకాల చక్రాల మీద 5 వేలకు పైగా ప్రయోగాలు చేశాడట. తరవాత లావెర్న్ నోయిస్‌తో కలిసి 1888లో షికాగోలో ఏర్‌మోటార్ కంపెనీ పెట్టాడు. వాళ్ళ గాలిమరను పోటీవాళ్ళు లెక్కల గాలిమర అని వెక్కిరించారు. మొదటి ఏడాది 45 అమ్ముడుపోయాయి, ఆ తరవాత వెక్కిరించినవాళ్ళే మిగల్లేదు. 5 వేల ప్రయోగాలు చేసిన మహానుభావుడు ఒక్క రాత్రన్నా దాని కింద పడుకుని చూశాడో లేదో. టెక్సస్ ఉత్తరాన ఎక్స్‌ఐటి అనే రాంచ్‌లో 1900 నాటికి 335 గాలిమరలుండేవట. అప్పటి గేర్లకు మూత లేదు. తరచూ ఎవడో ఒకడు నూనె సీసా పట్టుకుని ఎక్కాల్సిందే. గేర్లను నూనెపెట్టెలో ముంచి మూతవేసి, ఏడాదికోసారి నూనె మారిస్తే చాలన్న ఏర్పాటు 1915లో వచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఆ జాతిదే. అందులో 702 అనే మా నమూనాను 1933లో మొదలుపెట్టారు, శాన్ ఏంజెలోలో ఇప్పటికీ తయారు చేస్తున్నారు, ప్రతి గేరూ దొరుకుతుంది. మొన్న మూడేళ్ళనాటి నా ఫోనుకు బ్యాటరీ అడిగితే షాపువాడు జాలిగా చూశాడు.

చివరికి వాళ్ళు వచ్చారు. ఫోన్ చేసి చెప్పి కాదు. పొద్దున్నే కుక్కలు మొరిగితే చూశాను, వెనక చిన్న క్రేను బిగించిన పాత ట్రక్కు. తాత దిగి గాలిమర వైపు చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్ళి పైపుకు చెవి ఆనించాడు. కొడుకు కింద లివరు లాగాడు. తోక ముడుచుకుంది, చక్రం గాలికి పక్కకు తిరిగి నిలబడింది. మనవడు నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కాడు. పైన మెట్టు కింద కందిరీగల గూడు. అరుపులు, తిట్లు, ఒక చెప్పు కిందపడడం. ఆ తరవాత చక్రాన్ని తాడుతో కట్టేశాడు. కట్టకుండా చెయ్యి పెడితే చిన్న గాలికే వేళ్ళు పోతాయట. తాత కింది నుంచి కర్రతో చూపిస్తూ ఒకటి చెయ్యమంటాడు, కొడుకు ఇంకొకటి చెయ్యమంటాడు, మనవడు ఇద్దరి మాటా వినకుండా మూడోది చేస్తాడు. మా వాస్తు సమావేశమే గుర్తొచ్చింది, కాకపోతే వీళ్ళలో ఒకడు ఎక్కాడు.

రోగం పైమూతలో ఉంది. తూటా తోకను దాటుకుని మూతకు కూడా తగిలింది. ఆ చిల్లులోంచి వాననీళ్ళు పెట్టెలోకి దిగాయి. నీళ్ళు అడుక్కి చేరాయి, నూనె పైకి తేలి పొంగిపోయింది, గేర్లు ఎండిపోయాయి. ఎవడికో జింక దొరకనందుకు నాకు నిద్ర కరువైంది.

అంతటితో అయిపోలేదు. పంపులో లెదర్లు కూడా పోయాయన్నాడు తాత. గాలిమరంటే ఇంత హడావుడి చేస్తున్నాం గానీ, భూమి కింద అది మన ఊరి బోరింగే. హ్యాండిల్ కొట్టే పని మనిషికి బదులు గాలి చేస్తుంది. చక్రం సుమారు మూడు చుట్లు తిరిగితే రాడ్డు ఒకసారి పైకెళ్ళి కిందికొస్తుంది. అడుగున సిలిండరు, దాంట్లో తోలు వాచర్లు. ఇసుక రాసుకుని రాసుకుని అవి అరిగితే చక్రం ఎంత తిరిగినా చుక్క రాదు. వాటిని మార్చాలంటే రాడ్లన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి. పైన మాత్రం ఒక చెక్క రాడ్డు ఉంటుంది. కావాలనే దాన్ని అన్నిటికంటే బలహీనంగా పెడతారు. కింద ఏదైనా ఇరుక్కుంటే అది విరగాలి, గేర్లు కాదు. మా ఆఫీసులో ఆ ఉద్యోగం నాది.

పని మధ్యలో నీళ్ళు తాగుతూ మనవడు నా దగ్గరకొచ్చాడు. మీరు కంప్యూటర్ పని చేస్తారటగా, దాంట్లో చేరాలంటే ఏ కోర్సు చదవాలి అని మెల్లగా అడిగాడు. తాత రాడ్డు మరలు తుడుస్తున్నాడు. చెయ్యి ఆగలేదు గానీ, వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

జనగామలో మా బాపుకి మోటార్ల వైండింగ్ షాపుండేది. ఎండాకాలం కరెంటు వోల్టేజీ పడిపోతే కాలిన మోటార్లు షాపు ముందు వరసగా ఉండేవి. ప్రతిదాని మీదా సుద్దముక్కతో రైతు పేరు. రాత్రి పదింటికి కూడా ఎవరో వచ్చి, మేస్త్రీ, మడి ఎండుతుంది అని నిలబడేవాళ్ళు. రేపు పొద్దుగాల రమ్మని పంపించి, బాపు తెల్లారేదాకా తీగ చుట్టేవాడు. టార్చి పట్టుకుని నేను పక్కన కూర్చుంటే, ఇది ముట్టకు, పోయి చదువుకో అనేవాడు. ముట్టలేదు. చదువుకున్నాను. ఇప్పుడక్కడ బిర్యానీ సెంటర్ ఉంది. బాపు నన్ను ఎందుకు పంపించాడో తెలుసు, పంపించి ఏమనుకున్నాడో మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఇక అడగడానికి ఆయన లేడు.

మనవడికి ఏదో చెప్పాను. మా దగ్గర కూడా మనుషుల్ని తీసేస్తున్నారని నిజమే చెప్పాను గానీ, ఆ వయసులో ఎవడు నమ్ముతాడు? సోలార్ పంపుల మాట తాత దగ్గర తీశాను. తిడతాడనుకున్నాను. "బాగా పనిచేస్తాయి, ఎక్కక్కర్లేదు. మా దగ్గరకొచ్చేవాళ్ళలో చాలామంది వాటికే మారుతున్నారు" అన్నాడు, రాడ్డు తుడుస్తూనే.

సాయంత్రానికి తాడు విప్పారు. తోక చాచుకుంది, చక్రం గాలికి ఎదురు తిరిగింది. కాసేపటికి పైపులోంచి ముందు తుప్పునీళ్ళు, తరవాత మంచినీళ్ళు. ఆవులు వచ్చి తాగి వెళ్ళాయి, ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. బిల్లు చూసి నేను మాట్లాడలేదు. ముప్ఫై మూడు అడుగులు ఎక్కమంటే నేనెంత అడుగుతానో అని ఆలోచిస్తే బేరమాడే నోరు రాలేదు. నిద్ర మాత్రం ఇప్పుడూ సరిగా లేదు, ఎందుకు అరవడం లేదా అని అర్ధరాత్రి లేచి చూసొస్తున్నాను.

పొలంతో పాటు గాలిమర కూడా కొనుక్కున్న తెలుగువారందరికీ ఒక మనవి. కొన్న ఏడాదే నూనె మార్పించుకోండి. మూతకు చిల్లుందేమో చూపించుకోండి. గాలి ఉన్నప్పుడు పిల్లల్ని టవరెక్కి సెల్ఫీలు తీసుకోనివ్వకండి. ఆ కుటుంబం ఫోన్ నంబరు మాత్రం నన్ను అడక్కండి. వచ్చే ఏడాది నూనెకు నా పేరు ఇప్పుడే రాయించేశాను, నా ముందు ఇంకెవరైనా దూరితే ఊరుకోను.