పనున్న రోజే పిల్లల్ని పాతబస్తీకి తీసుకెళ్లండి

తీరిక రోజు వద్దు. పెళ్లి గాజులు కొనాలి, మదీనాలో చీరలు చూడాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి అనుకున్న రోజే నాలుగైదేళ్ల పిల్లను వెంటబెట్టుకోండి. తీరిగ్గా తీసుకెళ్తే మీరు పాఠం మొదలుపెడతారు. మీరు పట్టించుకోనప్పుడే పిల్ల నోట అసలు మాట వస్తుంది.

చార్మినార్ దగ్గర 1591 అనకండి, కులీ కుతుబ్‌షా అనకండి. "ఈ స్టూలు ఎవరు బోర్లించారు?" అంటే "ఎవరై ఉంటారంటావ్?" అని తిరిగి అడగండి. నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టారని తెలిసినా చెప్పకండి, నాలుగెందుకో పిల్లనే అడగండి. ఒకటి తప్పు చెబితే పక్కదాన్ని అడగడానికట! సంవత్సరాలు బడిలో ఎలాగూ నేర్పుతారు. ఈ జవాబు మాత్రం వచ్చే ఏడాదికి ఆమెకే తట్టదు.

లాడ్‌బజార్‌లో పిల్లను మీ ముందే నిలబెట్టుకుని బేరమాడండి. లక్క గాజులు తిప్పి చూసి "అంత బాగాలేవు భయ్యా" అన్నారో లేదో, "పొద్దున్నించీ ఇలాంటివే కావాలన్నావు కదమ్మా" అంటుంది. ఇక ధర దిగదు. అడిగినంతా ఇచ్చేయండి. గిల్లకండి, కళ్లురమకండి. గిల్లితే రేపటి నుంచి మీ ముఖం చూసి మాట్లాడటం నేర్చుకుంటుంది.

ఆలస్యమైనా సాలార్‌జంగ్ మ్యూజియం వదలొద్దు. శుక్రవారం మాత్రం సెలవు. అన్ని గదులూ తిప్పకండి, మూడు చాలు. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్న బెంజోని శిల్పం 'ముసుగు రెబెక్కా' ముందు అందరూ పాలరాతి పనితనానికి నోరు తెరుస్తారు. పిల్ల మాత్రం "ఆంటీకి జ్వరమా? తడిగుడ్డ వేశారు" అంటుంది. ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న బొమ్మ దగ్గర, "అక్క ఎప్పట్నుంచి దాక్కుంది? ఎవరూ పట్టుకోలేదా?" అని దిగులుపడుతుంది. వాళ్లిద్దరూ ఉన్న గోథే నాటకం సంగతి ఎత్తకండి, ఆ దిగులు పడనివ్వండి.

సంగీత గడియారం దగ్గరికి పన్నెండింటికే వెళ్లండి, ఎంత జనమున్నా సరే. చిన్న తాత బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. జనం లెక్కపెడుతుంటారు. "పాపం, ఒంటిగంటకి వస్తే తాతకి ఒక్కటే కొట్టే పని ఉండేది" అంటుంది పిల్ల. పన్నెండు దెబ్బలు కొట్టేవాడి చేతులు నొప్పిపెడతాయని అక్కడ ఇంకెవరికి తట్టింది?

ఫోన్ తీయకండి. కెమెరా చూడగానే పద్యం అప్పజెబుతుంది. నానమ్మ ముందు "మళ్లీ అను" అని నిలబెట్టకండి. తిరుగు ఆటో ఎక్కగానే ఏదో ఒక చీటీ మీద తేదీ వేసి, ఆమె అన్నది అన్నట్టే రాసుకోండి. వ్యాకరణం దిద్దకండి. ఇంటికెళ్లి రాద్దాంలే అనుకుంటే అఫ్జల్‌గంజ్ దాటేలోగానే సగం మరిచిపోతారు.